మంగ ఫైల్లో నేను రాసిన ఒక్క వాక్యం

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు కర్నూలులో మా ఇంటికి వస్తుంటారు. ఎక్కువమంది ఆడపిల్లలే. చట్టం బాగా చదువుకుని ఉంటారు. ఏ కాగితం ఎవరికి పంపాలో శిక్షణలో నేర్చుకుని ఉంటారు. కాసేపు కూర్చుని టీ తాగాక అసలు సంగతి అడుగుతారు: "మేడం, ఈ పని నిజంగా ఎట్లుంటుంది?"

నా ప్రమోషన్ల గురించి చెప్పడానికేమీ లేదు. మీటింగుల గురించి చెప్తే మీకు నిద్ర వస్తుంది. చెప్పదగ్గది నేను చేసిన ఒక తప్పు. దాన్ని ఇంతవరకు అడిగినవాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పాను గాని, మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ రాయలేదు.

బాలల రక్షణ అధికారి అని మన బోర్డు మీద ఉంటుంది. చేసేది పిల్లల తరఫున మాట్లాడటం. తప్పిపోయిన పిల్లలు, పత్తి చేలల్లో పనికి కుదిరిన పిల్లలు, అమ్మానాన్న గుంటూరు వైపు వలసపోతే వెనక మిగిలిన పిల్లలు, బడి సంచి భుజాన ఉండగానే పెళ్ళి కుదిరిన పిల్లలు. ఒక గదిలో పెద్దవాళ్ళందరూ కూర్చుని ఒక పిల్ల బతుకు ఎట్లుండాలో తేలుస్తుంటే, ఆ పిల్ల పక్కన కూర్చుని మాట్లాడేది మనం. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ కొన్నేళ్ళు అలవాటయ్యాక పిల్లను అడగకుండానే మాట్లాడటం వచ్చేస్తుంది. ఇందులో ఉన్న ప్రమాదం అదే.

దీని గురించి నన్ను మొదట్లోనే హెచ్చరించిన మనిషి సుగుణమ్మ గారు. పిల్లల కేసులు వినే కమిటీకి ఆమె అధ్యక్షురాలు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, ఎవరికీ జంకేది కాదు. నేను చేరిన కొత్తలో ఆత్మకూరు దగ్గర ఒక చేలో పనిచేస్తున్న పిల్లను కమిటీ ముందుకు తెచ్చాను. ఆ పిల్లకు హాస్టలు ఎందుకు కావాలో, బడి ఎందుకు కావాలో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని సుగుణమ్మ గారు పిల్ల వైపు తిరిగింది.

"నువ్వేమంటావమ్మా?"

"నాకు బడి కావాల మేడం. మా చెల్లి కూడా వస్తే పోతా. అది ఒక్కతే ఉండాది ఇంట్లో."

ఆ పిల్లకు చెల్లెలుందని నాకు తెలియదు. నేను అడగలేదు.

అందరూ వెళ్ళాక సుగుణమ్మ గారు నన్ను కూర్చోమంది. "శానా బాగా మాట్లాడినావు. ఆ పిల్ల నీకంటే బాగా మాట్లాడింది. ఇకమీద ఫైల్లో ముందు పిల్ల ఏం చెప్పిందో రాయి. నీకేమనిపించిందో దాని కింద రాసుకో."

సరేనన్నాను. చాలా ఏళ్ళు అట్లే రాశాను కూడా. నేర్చేసుకున్నాననే అనుకున్నాను.

ఆ మంగళవారం

ఒక మంగళవారం ఉదయం కర్నూలు బస్టాండు నుంచి ఫోన్ వచ్చింది. బస్సులోంచి అందరూ దిగినా ఒక పిల్ల దిగలేదట. వెంట ఎవరూ లేరు. కండక్టరు ఎంత అడిగినా పలకడం లేదు.

పోయి చూశాను. సన్నటి పిల్ల. ఎనిమిదేళ్ళుంటాయని రాశాను. నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు, ఉతికిన గౌను. ఆ పొద్దున ఎవరో కూర్చోబెట్టుకుని తల దువ్వి పంపిన పిల్ల అని చూస్తేనే తెలుస్తుంది. అది నేను గమనించాను. కాగితం మీద మాత్రం పెట్టలేదు.

ఆఫీసుకు తీసుకొచ్చేసరికి నా బల్ల ముందు ఇంకో రెండు కేసుల వాళ్ళు కూర్చుని ఉన్నారు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి పేరడిగాను. తెలుగులో అడిగాను, నాకొచ్చిన కన్నడంలో అడిగాను, ఉర్దూలో రెండు మాటలు అడిగాను. నా నోటివైపే చూసింది. తర్వాత చేతులతో ఏదో చేసింది. గడ్డం ముట్టుకుంది. నా చీర కొంగు పట్టుకుని నా మొహం ముందు ఊపింది. నేను కొంగు లాక్కున్నాను. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ లాక్కున్నాను. మూడోసారి ఆమె చేయి పట్టుకుని పక్కన పెట్టబోతే నా మణికట్టు మీద కరిచింది.

అంతలో గాలికి తలుపు దభాలున పడింది. పిల్ల ఉలిక్కిపడి తిరిగి చూసింది. చెవులు పనిచేస్తున్నాయని నేను అప్పుడే తేల్చేసుకున్నాను.

ఫైల్లో ఇట్లా రాశాను: "వినికిడి ఉన్నది, మానసిక ఎదుగుదల లేని బాలిక, వివరాలేమీ చెప్పలేదు."

పేరు రాయాల్సిన చోట, మంగళవారం దొరికింది కాబట్టి, మంగ అని రాశాను. మొత్తం కలిపి పావుగంట పట్టి ఉంటుంది.

కమిటీలో సుగుణమ్మ గారు మామూలుగా అడిగే ప్రశ్న అడిగింది. "పిల్లను అడిగినావా?"

"మాటలు రావండి. మానసిక స్థితి సరిగా లేదు" అన్నాను.

ఆమె నా వాక్యం చదివి తలూపింది. నన్ను నమ్మింది. అన్నేళ్ళ పనితో సంపాదించుకున్న నమ్మకం అది, దాన్ని ఆ రోజు అట్లా వాడుకున్నాను. ఆరోగ్య పరీక్షకు పంపినప్పుడు చెవులు చూడమని నేను అడగలేదు. వినికిడి ఉందని నేనే రాసి పంపాక ఎవరు చూస్తారు? అట్లాంటి పిల్లలకు కర్నూలులో ఖాళీ లేకపోతే కడపలో ఒక హోముకు పంపించాం. వారం తిరిగేసరికి నేను ఇంకో కేసులో పడిపోయాను.

మస్తానమ్మ

ఏడాది దాటింది. నాకు కొన్నాళ్ళు కడప పని కూడా అప్పజెప్పారు. ఆ హోముకు తనిఖీకి పోవడం అప్పటికి నాకు రెండోసారి. రిజిస్టర్లు చూసి బయటికొస్తుంటే మస్తానమ్మ అడ్డం వచ్చి నిలబడింది. ఆ హోములో ఆయా. పిల్లలకు స్నానాలు చేయించడం, బట్టలుతకడం ఆమె పని.

"మేడం, ఒకమాట చెప్తా. కోప్పడొద్దు."

"చెప్పు మస్తానమ్మా."

"ఈ మంగకు బుద్ధి లేదని రాసుకున్యారంట గదా. బుద్ధి లేని పిల్ల ఇట్ల చేస్తాదా, సూడండి."

వెనక వరండాలోకి తీసుకుపోయి ఒక పాత నేత దుప్పటి పరిచి చూపించింది. మధ్యలో జానెడు చిరుగు. ఆ చిరుగులో ఒక్కో పోగు బయటికి తీసి, దానికి ఇంకో దారం కలిపి మెలేసి ఉంది. వరసగా, ఒకదాని పక్కన ఒకటి.

"నీళ్ళ పొయ్యి కాడికి పోయి బూడిద తెచ్చుకుంటాది మేడం. వేళ్ళకు రాసుకుంటాది. మల్ల కూర్చోని పోగు పోగు తీసి మెలేస్తాది. ఆకలి గూడా గుర్తుండదు."

మంగ గురించి హోము రిజిస్టరులో ఏముందో నేను అంతకుముందే చదివి వచ్చాను. 'బూడిదతో ఆడుతుంది. దుప్పట్ల పోగులు పీకుతుంది.' నేను రాసిన వాక్యం నమ్మి రాసిన మాటలవి. నా వాక్యం చదివి చూస్తే ఎవరికైనా అట్లే కనిపిస్తుంది.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోతే కొత్త పడుగులోని ఒక్కో పోగును పాతదానితో కలిపి మెలేయాలి. వేళ్ళు జారకుండా బూడిద రాసుకుంటారు. అచ్చు అతకడం అంటారు దాన్ని. సన్నటి వేళ్ళు కావాలి కాబట్టి ఆడవాళ్ళు, పిల్లలు చేస్తారు. బడినుంచి వచ్చి నేనూ చేశాను. లోకంలో ఆ పిల్లను చూడగానే గుర్తుపట్టాల్సిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే.

వరండా మూలన పోగులు తీసుకుంటూ ఉన్న ఆ పిల్ల పక్కన కింద కూర్చున్నాను. చిటికెడు బూడిద వేళ్ళకు రాసుకుని రెండు పోగులు మెలేశాను. ఆమె నా అతుకు చూసింది. రెండు వేళ్ళతో పట్టి లాగింది. ఊడిపోయింది. ఫక్కున నవ్వింది. నా బొటనవేలు, చూపుడు వేలు పట్టుకుని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచి, ఎటు తిప్పాలో అటు తిప్పింది. నేను చేసింది తప్పని చెప్పి, ఎట్లా చేయాలో నేర్పించింది. తాను ఎడమచేత్తో చేస్తోంది.

లేచి ఆమె వెనక్కి పోయి గట్టిగా చప్పట్లు కొట్టాను. కదల్లేదు. పేరు పెట్టి అరిచాను. కదల్లేదు. కాలితో నేలను తన్నాను. చటుక్కున తిరిగి చూసింది. ఆ రోజు తలుపు పడినప్పుడు ఆమెకు తెలిసింది నేల అదురు. శబ్దం కాదు.

మస్తానమ్మను అడిగాను. "ఈ సంగతి ఇంతకుముందు ఎవరికన్నా చెప్పినావా?"

"వచ్చినోళ్ళందరికీ చెప్పినా మేడం." చూపు దించుకుని అంది. "పోయినసారి మీకూ చెప్పినా. మీరు ఫోన్లో మాట్లాడుకుంటా చేయి ఊపినారు."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయాల గురించి మీకు చెప్పేది ఇంతే: పిల్ల ఏం తింటుందో, దేనికి ఏడుస్తుందో, ఒంటి మీద ఏ మచ్చ ఎక్కడుందో తెలిసినవాళ్ళు వాళ్ళు. మన తనిఖీ ఫారంలో ఆయాను అడగాల్సిన గడి లేదు. లేకపోయినా అడగండి.

మా సారు

చెవి డాక్టరు పరీక్ష చేసి, పుట్టుకతోనే వినికిడి లేదని, తెలివి చురుగ్గా ఉందని, వయసు పన్నెండుకు దగ్గరలో ఉంటుందని చెప్పాడు. ఆ కాగితం పట్టుకుని మా పై అధికారి దగ్గరికి పోయాను. ఫైలు మళ్ళీ తెరవాలన్నాను. నా పాత రిపోర్టు తప్పని రాసి ఇస్తానన్నాను.

ఆయన చెడ్డవాడు కాడు. నా కూతురి కాన్పు కష్టమైతే అడగకుండా సెలవిచ్చిన మనిషి. తలుపు దగ్గరికి వేయించి మెల్లగా చెప్పాడు. "ఏమమ్మా, రిటైర్మెంటు ముందర పెట్టుకుని ఇదెందుకు? నీ తప్పును నువ్వే కాగితం మీద పెడితే ఎంక్వైరీ వస్తాది. పిల్లకు కావల్సింది చేద్దాం. చెవిటి పిల్లల బడికి మార్చేద్దాం. పాతది ఎందుకు తవ్వేది?"

"పిల్లకు కావల్సింది వాళ్ళమ్మ సార్" అన్నాను.

"అమ్మ ఉండాదని నీకెట్ల తెలుసు?"

"ఎవరో తల దువ్వి పంపినారు సార్."

 సంతకం పెట్టడానికి ఆయనకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నేను కూడా రెండుసార్లు వెనక్కి తగ్గుదామనుకున్నాను. ఎంక్వైరీ అంటే భయం వేసింది. ఇది దాచను. పైకి మనల్ని తిట్టే అధికారుల వల్ల పిల్లలకు జరిగే నష్టం తక్కువ. మన మేలు కోరి, మనల్ని కాపాడాలని చూసే అధికారి మాట వినాలనిపిస్తుంది. అక్కడే పిల్ల వెనక్కి పోతుంది.

ఎడమచేతి వాటం

పిల్ల నేతవాళ్ళ బిడ్డ అని తెలిసింది. ఏ ఊరో తెలియదు. ఎమ్మిగనూరు నుంచి కడప జిల్లా చివరిదాకా మగ్గాలున్న ఊళ్ళు ఎన్నో. పిల్లల ఫోటో బయట తిప్పకూడదని నిబంధన. అది మంచి నిబంధనే, దాన్ని తప్పలేదు. మా అన్న ఇప్పటికీ ఎమ్మిగనూరులో నేస్తాడు. ఆయనకు ఫోన్ చేసి, మాటలతోనే నలుగురికీ చెప్పమన్నాను. చెవిటి పిల్ల, పన్నెండేళ్ళు, గడ్డం కింద పుట్టుమచ్చ, అచ్చు అతుకుతుంది.

"అచ్చు అతుకుతాదంటివి. ఏ చేత్తో?" అన్నాడు.

"ఎడమచేత్తో."

"అది చెప్పల్ల గదమ్మా ముందు! మనోళ్ళు మొగం మరిచిపోతారేమో గాని, చేతివాటం మరిచిపోరు."

మా అన్న నూలు తెచ్చే వాళ్ళకు చెప్పాడు, వాళ్ళు వాళ్ళ ఊళ్ళలో చెప్పారు. నాలుగో రోజు జమ్మలమడుగు వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు లక్ష్మీదేవి అంది. 

"మేడం, ఎడమచేతి పిల్లంట. గడ్డం కింద మచ్చుండాదంటనే?"

"ఉందమ్మా."

 కాసేపటికి ఇంకెవరో ఫోన్ తీసుకుని, "ఆయమ్మ కింద కూలబడినాది మేడం, మీరు ఫోన్ పెట్టేయొద్దండి" అన్నారు.

మరుసటి రోజు వాళ్ళ ఊరు పోయాను. పిల్లను అప్పజెప్పే ముందు అన్నీ సరిచూసుకోవాలి. రేషన్ కార్డు, చిన్నప్పటి ఫోటో, చుట్టుపక్కల వాళ్ళ మాటలు. పిల్ల పేరు చౌడేశ్వరి. తండ్రి జబ్బుచేసి చనిపోయాడు. తల్లి ఇంకొకరి మగ్గం మీద నేస్తోంది. బిడ్డకు మాట రావాలని తల్లీబిడ్డలిద్దరూ మంత్రాలయం పోయి నాలుగు రోజులు సేవ చేసుకున్నారు. తిరుగు ప్రయాణం రోజు ఉదయం ఏటిలో మునిగి వస్తానని బిడ్డను మెట్ల మీద కూర్చోబెట్టి తల్లి నీళ్ళలోకి దిగింది. వచ్చేసరికి బిడ్డ లేదు.

"అందరూ పిలువు, పిలువు అంటారు మేడం. పిలిస్తే ఇనబడే బిడ్డ గాదే. నేనేమని పిలవాల?"

ఏటిలో కొట్టుకుపోయిందన్నారు అందరూ. జాలరివాళ్ళు రెండు రోజులు వెతికారు. ఆమె ఫిర్యాదు రాయించింది: చెవిటి మూగ బాలిక, పదకొండేళ్ళు. ఆ ఫిర్యాదు, నా ఫైలు ఒకే జిల్లాలో ఉన్నాయి. తప్పిపోయిన చెవిటి పిల్ల కోసం వెతికినవాళ్ళకు, వినికిడి ఉన్న, బుద్ధి ఎదగని, ఎనిమిదేళ్ళ పిల్ల ఎట్లా కనిపిస్తుంది?

తల్లీ బిడ్డా

కర్నూలులో కమిటీ గదిలో ఇద్దరినీ కలిపాం. మస్తానమ్మ పిల్లను వెంటబెట్టుకుని కడప నుంచి వచ్చింది. తల్లిని చూడగానే బిడ్డ పరుగెత్తి వాటేసుకుంటుందని మేమందరం అనుకున్నాం. ఆ పిల్ల తల్లిని చూసింది. చూసి, గోడవైపు తిరిగి నిలబడింది.

తల్లి దగ్గరికి పోబోతే ఇంకా గోడకు అతుక్కుపోయింది. లక్ష్మీదేవి ఆగింది. అందరం చూస్తుండగా నేల మీద కూర్చుంది. పిల్ల ఓరగా చూసినప్పుడల్లా గడ్డం కింద వేలు పెట్టుకుని చూపించింది. చౌడేశ్వరిని వాళ్ళింట్లో పిలిచే సైగ అది. ఆ మంగళవారం నేను పేరడిగితే పిల్ల గడ్డం ముట్టుకున్న సంగతి అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఏడాదిపైన మేమందరం మంగ అని పిలుస్తూనే ఉన్నాం.

గంటకు పైగా అట్లే గడిచింది. సుగుణమ్మ గారు మిగతా కేసులన్నీ వాయిదా వేసి కూర్చుంది. ఎవరినీ కదలనివ్వలేదు. చివరికి పిల్ల తిరిగింది. రెండడుగులు వేసింది. తల్లి ముందు నిలబడి చేతులతో కోపంగా, వేగంగా చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ తల్లి చీర కొంగు పట్టుకుని గట్టిగా ఊపింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ ఊపింది. లక్ష్మీదేవి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటోందమ్మా?" అని సుగుణమ్మ గారు అడిగింది.

"నేను ఇడ్సిపెట్టి పోయినానంట మేడం. నాది ఇట్లాంటి చీరే, నేను నేసిందే. ఆ పొద్దు అదే కట్టుకున్యా. నా చీర మాదిరి చీర కట్టుకోని ఇంకొకాయమ్మ పోతాంటే నేనే అనుకోని ఎనకాలే పోయినాదంట. బస్సెక్కినాదంట. జనంలో మొగం కనపల్లేదంట. అందరూ దిగేటప్పుడు చూస్తే నేను గాదంట."

సుగుణమ్మ గారు కలం కింద పెట్టేసింది. నాకు నా మణికట్టు గుర్తొచ్చింది. నా చీర పట్టుకుని మూడుసార్లు చెప్పింది ఆ పిల్ల. చీర, చీర, చీర అని. 'వివరాలేమీ చెప్పలేదు' అని రాశాను. ఆ వాక్యంలో ఉన్నవి మూడు ముక్కలు. మూడూ తప్పే.

అప్పుడు సుగుణమ్మ గారు, నా తప్పు ఒప్పుకుంటూ నేను రాసిచ్చిన వాంగ్మూలం తీసింది. "దీన్ని నువ్వు ఫైల్లో చివర పెట్టినావు. మొదటి పేజీగా పెట్టు. ఆమె ముందర నువ్వే చదువు" అంది.

చదివాను. తలుపు సంగతి, పావుగంట సంగతి, చేయి ఊపిన సంగతి కూడా. లక్ష్మీదేవి బిడ్డ తల నిమురుతూ విన్నది. అంతా అయ్యాక ఇట్లంది:

"నేను ఏటి ఒడ్డున శానా దినాలు తిరిగినా మేడం. ఏదన్నా తేలితే నా బిడ్డేనేమోనని చూసినా." బిడ్డ జడ సరిచేసింది. "నాలుగేళ్ళొచ్చేదాకా నేనూ దీనికి బుద్ధి లేదనే అనుకున్యా. పలకల్యాదని కొట్టినా గూడా. కన్నదాన్ని నేనే అట్లుంటే, మీకేమని చెప్పేది."

ఆమె నన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు. అట్లా అనుకోవడం నాకు సులువు, అందుకే అనుకోవడం లేదు.

మళ్ళీ ఇడ్సిపెట్టమంటారా

అంతటితో కథ సుఖంగా ముగిసిందని చెప్పను. పిల్లకు చదువు కావాలి. చెవిటి పిల్లల బడి, హాస్టలుతో సహా, దూరంగా ఉంది. నేను ఆ సంగతి ఎత్తగానే లక్ష్మీదేవి బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"మళ్ళీ ఇడ్సిపెట్టమంటారా మేడం? ఇప్పుడే గదా చేతికొచ్చింది!"

ఆ బిడ్డ అచ్చు అతికితేనే ఆ ఇంట్లో పని సాగుతుందని కూడా నాకు తెలుసు. చిన్న పిల్లలతో పని చేయించడం తప్పని ఎన్నో సభల్లో చెప్పినదాన్ని. ఆ పనే ఆ పిల్లను ఇంటికి చేర్చింది. ఈ రెండింటినీ ఎట్లా పొసిగించాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. పని నేర్పిన ఆ తల్లి రాక్షసి కాదు, మా అమ్మ కూడా కాదు. అయినా ఆ పిల్ల బడికి పోవాలి. రెండూ నిజమే.

ఈసారి నేను ఎక్కువ మాట్లాడలేదు. తల్లీబిడ్డలను ఆ బడికి ఒకరోజు తీసుకుపోయాను. లోపల ఆవరణలో పిల్లలు చేతులతో మాట్లాడుకుంటున్నారు, కొట్లాడుకుంటున్నారు, ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. చౌడేశ్వరి గేటు దగ్గరే నిలబడిపోయింది. తనలాంటివాళ్ళు ఇంతమంది ఉంటారని ఆమెకు తెలియదు. ఒక పిల్ల వచ్చి ఏదో సైగ చేసింది. చౌడేశ్వరికి అర్థం కాలేదు. ఆ పిల్ల ఓపికగా మళ్ళీ చేసింది. పావుగంటలో ఇద్దరూ కనిపించలేదు.

లక్ష్మీదేవి చెట్టు కింద కూర్చుని ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, "నేను గూడా ఈ సైగలు నేర్సుకోవచ్చునా మేడం?" అంది.

చౌడేశ్వరిని ఆ బడిలో చేర్చి, మొదటి నెల ప్రతి ఆదివారం తల్లి వచ్చి చూసుకోవడానికి బడివాళ్ళను ఒప్పించాం. సైగల టీచరు తల్లికి కూడా నేర్పింది. చౌడేశ్వరి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. సెలవులకు ఇంటికి పోతే నేస్తుందట. పోయిన వేసవిలో నాకు ఒక తువ్వాలు పంపింది. ఒక అంచు వంకరగా ఉంది. వాళ్ళమ్మ ఫోన్ చేసి, "అది చదువులో పడి చేయి తప్పినాది మేడం" అని నవ్వింది.

నా మీద ఎంక్వైరీ జరిగింది. ఒక మందలింపు కాగితం ఇచ్చారు. అంతకంటే ఎక్కువే ఇస్తారనుకున్నాను.

మిగిలిన ఫైళ్ళు

చౌడేశ్వరి ఇంటికి పోయిన వారం నేను బీరువా తెరిచాను. 'మానసిక ఎదుగుదల లేదు' అన్న మాట నా చేత్తో ఇంకెన్ని ఫైళ్ళలో రాశానో చూడాలనిపించింది. చెవి పరీక్ష లేకుండా ఆ మాట రాసినవి ఇంకో మూడు దొరికాయి. ముగ్గురూ ఆడపిల్లలే.

ఒకామెకు వినికిడి బాగానే ఉంది, నేను రాసింది నిజమే. రెండో ఆమెకు ఒక చెవికి మాత్రం కొద్దిగా వినిపిస్తుంది. వినికిడి మిషను పెట్టించాక మాటలు నేర్చుకుంటోంది. తన ఊరు ఇంకా చెప్పలేకపోతోంది. మూడో పిల్ల రైల్వే స్టేషన్లో దొరికింది. ఆమెను పంపిన హోము మూతపడింది. పిల్లలను అక్కడికీ ఇక్కడికీ సర్దారు. ఎవరు ఎక్కడికి పోయారో రాసిన జాబితాలో ఆమె లేదు. రిటైరయ్యేదాకా వెతికాను. చాలా హోములకు ఉత్తరాలు రాశాను, కొన్నిటికి నేనే పోయాను. దొరకలేదు.

చివరి పనిదినం సాయంత్రం, దండలు, ఫోటోలు అయ్యాక, నా చోటికి వచ్చిన హసీనా అనే కొత్త అమ్మాయిని పిలిచి ఆ ఫైలు చేతికిచ్చాను.

"ఇందులో నేనేం చేయాల మేడం?"

"వెతకాల" అన్నాను. 

ఆ అమ్మాయి ఫైలు పక్కన పడేస్తుందనే అనుకున్నాను. కొత్త ఉద్యోగం, చేతినిండా పని, పైగా వేరేవాళ్ళు చేసిన తప్పు. కానీ పోయిన గురువారం మధ్యాహ్నం నేను బియ్యం ఏరుకుంటుంటే ఫోన్ చేసింది. పక్క జిల్లాలో ఒక హోములో అదే వయసు పిల్ల ఒకామె ఉందని తెలిసి, పోయి చూసిందట.

"ఆ పిల్ల గాదు మేడం" అంది.

"సరేలేమ్మా" అన్నాను.

"గాదు గాని, ఈ పిల్ల చెవులు గూడా ఎవరూ చూడల్యా మేడం. రేపు పొద్దున నేనే పిల్చుకోని పోతాండా డాక్టరు కాడికి."